బరువున్న డబ్బా

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ అయిందో లేదో వంగి చూసుకుంటే గాని తెలియదు. అంత మెత్తగా నడుస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మీట నొక్కుతాను. చిన్న తెల్ల లైటు వెలుగుతుంది. అప్పుడు మొదటి గుక్క తాగుతాను. మొన్నటిదాకా ఈ వరస తలకిందులుగా ఉండేది. ముందు కాఫీ మొత్తం తాగేసి, కాస్త ధైర్యం తెచ్చుకుని, అప్పుడు మీట మీద వేలు పెట్టేదాన్ని. ఆ రోజులు పోయినందుకు నాకెంత నిమ్మళంగా ఉందో ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను చేసేది ఇనుప కట్టడాల డ్రాయింగుల పని. గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు, పెద్ద పెద్ద కప్పులు. ఏ దూలం ఏ స్తంభానికి ఎక్కడ అతకాలో, బోల్టు ఎక్కడ పడాలో, నిజంగా కట్టకముందే కంప్యూటర్‌లో కట్టి చూపించాలి. ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో ఉంది. ఇల్లు ప్రగతి నగర్‌లో, చెరువు కనపడీ కనపడని సందులో, రెండు గదుల ఫ్లాటు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. పెళ్ళి ఒకసారి చేసుకుని చూశాను. అది చాలని తేల్చుకున్నాను.

పోయిన ఎండాకాలం అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగింది గాని, కుర్చీలోంచి లేవాలన్నా, బాత్‌రూముకు వెళ్ళాలన్నా పక్కన మనిషి ఉండాల్సిందే. ఆవిడకు సాయం పట్టే మనిషిని పెడితే రెండో రోజుకే ఆ మనిషితో పేచీ పెట్టుకుని పంపించేసింది. “కొత్తమనిషి నన్ను పట్టుకుంటే పడ్తనని భయమైతది బిడ్డా, నువ్వు పట్టుకుంటే గాదు” అన్నది. ఇక పట్టుకునే మనిషిని నేనే అయ్యాను.

మాది చిన్న కంపెనీ. ఇంటి నుంచి పని చేస్తానంటే, సొంత మిషన్ ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు ఉన్న గట్టి మిషన్ అయి ఉండాలి అన్నారు. నా దగ్గర ఉంది. మా తమ్ముడు అమర్చి ఇచ్చాడు. వాడు బాచుపల్లిలో ఒక స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. వాడి భార్య అదే స్కూల్లో టీచరు. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గాని ఇల్లు చేరరు. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కాబట్టి అమ్మ నా దగ్గర ఉండాలి, నేను ఇంట్లో ఉండాలి, నేను ఇంట్లో ఉండాలంటే ఆ కంప్యూటర్ నడవాలి. మా ఇద్దరి బతుకూ ఆ డబ్బా మీద నిలబడి ఉందన్న మాట.

ఆ డబ్బాను మేం సీపీయూ అంటాం, అందరూ అన్నట్టే. మా తమ్ముడు దాన్ని చాలా ముచ్చటపడి చేశాడు. ఒక పక్కంతా అద్దం, లోపల రంగురంగుల లైట్లు. పెళ్ళి మండపంలా ఉందని నేను విసుక్కుని, అద్దం వైపును గోడకు తిప్పి బల్ల పక్కన చిన్న పీట మీద పెట్టాను. “అక్కా, అంత మంచిగ చేస్తే గోడకు చూపెడ్తవా?” అని వాడు బాధపడ్డాడు. గోడకు లేని కష్టం నీకెందుకు అన్నాను.

వర్షాకాలం వచ్చేసరికి అమ్మ కొంచెం తేరుకుంది. తేరుకోగానే చేసిన మొదటి పని శుక్రవారం పూజ మళ్ళీ మొదలుపెట్టడం. కుర్చీలో కూర్చునే దీపం పెట్టేది. పూజ అయ్యాక, పసుపూ నెయ్యీ కలిపిన అక్షింతలు చిన్న గిన్నెలో పోసుకుని, ఆ గిన్నెను వాకర్‌కు కట్టిన సంచిలో పెట్టుకుని, ఇల్లంతా నడిచే ప్రయాణం ఒకటి చేసేది. నేను వెనకాల చేతులు చాపుకుని నడవాలి. గుమ్మానికి రెండు గింజలు, స్టవ్వుకు రెండు, బియ్యం డబ్బాకు రెండు, చివరికి నా నెత్తిన గుప్పెడు. మెదక్ వైపు మా ఊళ్ళో ఉన్నప్పటి నుంచీ ఇదే అలవాటు. కొన్నాళ్ళకు నా సాయం లేకుండానే గదుల మధ్య తిరగడం మొదలుపెట్టింది. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఒక శుక్రవారం నేను వీడియో కాల్‌లో ఉండగా వచ్చి నా నెత్తిన వేసింది. జుట్టులో పసుపు గింజలతో నేను, ఎదురుగా తెరమీద పరదేశంలోని క్లయింటు. అతను చాలా మర్యాదగా, మీ పైకప్పు ఊడి పడుతున్నట్టుందే అన్నాడు. కట్టడాల పని చేసేదాన్ని, నన్నే అలా అంటే ఎలా ఉంటుంది? కాల్ అయ్యాక అమ్మ మీద కయ్యిమన్నాను. “అమ్మా, పని మీద ఉన్నప్పుడు నా తల మీద వెయ్యకు. కెమెరా ఉంటుంది.” అమ్మ “సరే బిడ్డా, ఎయ్య” అన్నది అంతే. ఆ తరవాత శుక్రవారాలు ఆవిడ నా గదిలోకి వచ్చి, వెనకాల నిలబడి, ఏదో గొణుక్కుని వెళ్ళిపోయేది. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు దూలాలు. నేను తిరిగి చూసేదాన్ని కాదు.

ఇక్కడి నుంచి మొదలైంది నా గ్రహచారం.

ఒకరోజు పెద్ద గోదాము బొమ్మను తెరమీద గుండ్రంగా తిప్పి చూపిస్తున్నాను. ఇటు క్లయింటు, అటు మా టీమ్ లీడు. కప్పు అటు తిరిగింది, స్తంభాలు ఇటు తిరిగాయి, టప్ మని తెర నల్లబడింది. కంప్యూటర్ మొత్తం పోయింది. కొంచెంసేపు ఆగి మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. సరే ఏదో ఒకసారి అనుకున్నాను. మళ్ళీ పోయింది. మరుసటి వారం మళ్ళీ.

నాకు కోపం వస్తే ముందు దగ్గర్లో ఎవరున్నారో చూసుకుంటాను. దగ్గర్లో ఉన్నది మా అపార్ట్‌మెంట్ జనరేటర్. కరెంటు పోయి జనరేటర్ అందుకునే సందులో ఏదో అవుతోందని తీర్మానించుకుని, అసోసియేషన్ ప్రెసిడెంట్ గారింటికి వెళ్ళి చెడామడా మాట్లాడి వచ్చాను. ఆయన రిటైరైన పెద్దమనిషి, గోదావరి జిల్లాల ఆయన. “అమ్మా, ఇవాళ అసలు కరెంటే పోలేదండి” అన్నాడు నిదానంగా. పోలేదా అని ఇంటికొచ్చి ఆలోచించాను. నిజమే. కరెంటు పోతే నా యూపీఎస్ కుయ్యోమని అరుస్తుంది. అది నోరు మెదపలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పోయింది కంప్యూటర్ ఒక్కటే.

తమ్ముడికి ఫోన్ చేశాను. “విండోస్ లొల్లి అక్కా, ఫార్మాట్ కొడ్తా” అన్నాడు. ఆదివారం వచ్చి కొట్టాడు. సోమవారం మళ్ళీ పోయింది. “గట్లయితే ర్యామ్ అయ్యుంటది” అన్నాడు. ర్యామ్ పీకి, రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. బుధవారం పోయింది. ఆ బుధవారం పోవడం మాత్రం మామూలుగా పోలేదు. క్లయింటు వాళ్ళ పెద్దాయన కూడా లైన్లో ఉన్నాడు.

ఆ సాయంత్రం మా టీమ్ లీడు ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడటం రానివాడు. అలాంటివాళ్ళు గట్టి మాట చెబితే ఇంకా భయం.

“మీరు ఇంటి నుంచి చేయడం నాకేం ఇబ్బంది కాదండి. మీ అమ్మగారి సంగతి నాకు తెలుసు. కానీ క్లయింట్ ముందు ఇలా పదే పదే పోతే నేను పైవాళ్ళకి ఏం చెప్పనండి? వచ్చే సోమవారం ఫైనల్ రివ్యూ ఉంది. అందులో కూడా ఇలాగే అయితే మాత్రం ఇక ఆఫీసుకొచ్చి చేయాల్సిందేనండి. నా చేతుల్లో ఉండదు.”

సరేనండి అన్నాను. ఫోన్ పెట్టి చూస్తే గుమ్మంలో వాకర్ పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. మొత్తం విన్నది.

“నన్ను తమ్ముని ఇంట్ల దింపు బిడ్డా. నా కోసం నీ నౌకరి పోగొట్టుకుంటవా?”

“మూడో అంతస్తు ఎట్లా ఎక్కుతావు?”

“కుర్సీల కూసోవెట్టి మోసుకపోతరు. ఎక్కినంక ఇగ దిగుడెందుకు, ఆడనే ఉంట.”

పగలంతా తాళం వేసిన ఇంట్లో ఒక్కర్తే ఉంటానని చెబుతోంది, అదేదో చుట్టపుచూపుగా వెళ్ళివస్తానన్నంత తేలిగ్గా. నాకు ఏడుపు వచ్చింది, దాన్ని కోపం చేసుకుని, “ఎవరూ ఎక్కడికీ పోవట్లేదు, ముందు మందులు వేసుకో” అని అరిచాను.

మరుసటి రోజు పొద్దున కంప్యూటర్ ముందు కూర్చోకుండా కంప్యూటర్‌నే చూస్తూ కూర్చున్నాను. నా పనిలో ఒక షెడ్డు కుంగిందంటే ఇంజనీరు మొదట అడిగేది ఒకటే మాట. కుంగినప్పుడు మీద ఎంత బరువుంది? ఆ మాటే నన్ను నేను అడిగి చూసుకున్నాను. మెయిల్ రాస్తుంటే ఇది ఎప్పుడూ పోలేదు. పొద్దున ఆన్ చేసిన కొత్తలో ఎప్పుడూ పోలేదు. పెద్ద బొమ్మ తిప్పినప్పుడు, అదీ చాలాసేపు నడిచాక, అప్పుడే పోతోంది. అంటే బరువు పడ్డప్పుడు, వేడెక్కినప్పుడు. బొమ్మను కావాలని గిరగిరా తిప్పుతూ సీపీయూ వెనక చెయ్యి పెట్టి చూశాను. వెనకాల కరెంటు వైరు గుచ్చే చోట ఎప్పుడూ వెచ్చటి గాలి తగిలేది. ఇప్పుడు గాలి లేదు. ఇనుప రేకు మాత్రం పెనంలా కాలుతోంది. కాలిన ప్లాస్టిక్ వాసన కొద్దిగా. కాసేపటికి టప్ మని పోయింది. అంత దిగులులోనూ నాకు సంతోషం వేసింది. దొరికింది దొంగ.

ఆ వైరు గుచ్చే చోట లోపల ఉండే ఇనుప పెట్టెనే ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ తాగగలిగేలా మార్చి లోపల అందరికీ పంచేది అదే. తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఇందులో ఎస్‌ఎంపీఎస్ ఏది పెట్టావురా?”

“అది... కేబినెట్ తోని ఫ్రీగ వచ్చిందక్కా. మంచిదే. నాలుగొందల యాభై వాట్స్ అని రాసుంది గద.”

“లైట్లకు పెట్టావు, అద్దాలకు పెట్టావు, అన్నం వండే పొయ్యి మాత్రం ఫ్రీగా వచ్చింది పెట్టావా?”

“అక్కా, జర నిమ్మళంగ మాట్లాడు. స్టాఫ్ రూముల ఉన్న.”

నిమ్మళంగానే, కానీ చాలాసేపు మాట్లాడాను. వాడు చివరికి, “శనివారం చందానగర్ పోదాం తియ్యి. నువ్వే సూసి కొను” అన్నాడు. అదే నాకు కావలసింది.

శనివారం లోపు నేను ఎస్‌ఎంపీఎస్‌ల గురించి చదివిందే చదివాను. చదివిన కొద్దీ అది నాకు తెలియని సంగతి కాదనిపించింది. దూలాల సంగతే ఇది కూడా. దూలం మీద ఎంత బరువు మోస్తుందని రంగుతో రాసినా, ఇనుము మందం చూడకుండా ఏ ఇంజనీరూ నమ్మడు. ఎస్‌ఎంపీఎస్ మీద కూడా పెద్ద అంకె ఒకటి అందరికీ కనపడేలా వేస్తారు. అసలు సంగతి పక్కన చిన్న అక్షరాల పట్టికలో ఉంటుంది. అందులో పన్నెండు వోల్టుల గడి ఒకటుంటుంది. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ తాగేదంతా ఆ గడిలోంచే. అక్కడ ఎన్ని ఆంప్స్ అని రాసి ఉందో చూసి, దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే ఆ పెట్టె అసలు సత్తువ తెలుస్తుంది. మా ఫ్రీ పెట్టె మీది స్టిక్కరును తమ్ముడు కేబినెట్, అంటే పై డబ్బా, కొన్నప్పుడు తీసిన ఫొటోలో చూసి హెచ్చవేశాను. పైన రాసిన దాంట్లో సగమే వచ్చింది. ఇన్నాళ్ళూ సగం దూలం మీద కప్పు వేసుకుని కూర్చున్నాం మేము.

ఇంకొన్ని పట్టుకున్నాను. నా మిషన్ గట్టిగా పనిచేసేటప్పుడు ఎంత లాగుతుందో లెక్క చూసుకుని, దాని మీద కొంత ఎక్కువ సత్తువ ఉన్నది తీసుకోవాలి. మరీ రెండింతలూ మూడింతలూ అక్కర్లేదు. కరెంటును వేడి చేసి పారబోయకుండా వాడుకునే గుణానికి బ్రాంజ్, గోల్డ్ అని ముద్రలుంటాయి, వాటిలో ఒకటి ఉండాలి. కానీ ముద్ర ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు కాబట్టి, ఆ మోడల్‌కు నిజంగా వచ్చిందా అని ఇంటర్నెట్‌లో వెతికి చూడాలి. వారంటీ ఎక్కువ ఏళ్ళు ఇచ్చేవాడికి తన సరుకు మీద తనకు నమ్మకం ఉన్నట్టు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఇంకొకటి. మంచి ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు తానొక్కటే పోతుంది. ఏదైనా తేడా వస్తే తనంతట తాను ఆపేసుకుంటుంది. చవక రకం పోతూ పోతూ మదర్‌బోర్డునూ, హార్డ్ డిస్కునూ కూడా తీసుకుపోతుంది. హార్డ్ డిస్కులో ఉన్నది నా నెలల పని. ఆ సంగతి చదివాక శనివారం దాకా కంప్యూటర్ మీట ముట్టుకోలేదు. తలనొప్పి అని సెలవు పెట్టాను. తలనొప్పి నిజంగానే వచ్చింది.

శనివారం ఎదురింటావిడను అమ్మ దగ్గర కూర్చోబెట్టి, తమ్ముడి బండి మీద చందానగర్ వెళ్ళాను. మార్కెట్టు సందులో కంప్యూటర్ల షాపు. ఒకపక్క అరటిపళ్ళ బండి, ఇంకోపక్క నైటీల కొట్టు, మధ్యలో మెట్లెక్కితే ఏసీ. షాపాయన గుంటూరు వైపు మనిషి, మాట తియ్యన.

“రండి మేడమ్, ఎనిమిదొందల వాట్లది ఉందండి. లైట్లు కూడా వస్తాయి. కుర్రాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తున్నారండి.”

పెట్టె తీసి చేతికిచ్చాడు. కొబ్బరికాయ ఎంచుకునేటప్పుడు చేతిలో పైకీ కిందికీ ఆడించి చూస్తామే, అలా ఆడించి చూశాను. తేలిగ్గా ఉంది. అంత సత్తువ ఉన్న పెట్టె ఇంత తేలిగ్గా ఉండటానికి వీల్లేదు. లోపల రాగీ ఇనుమూ ఉండాల్సిన చోట గాలి ఉందన్న మాట. స్టిక్కరు తిప్పి పన్నెండు వోల్టుల గడి చూశాను. హెచ్చవేశాను. ఎనిమిదొందలు ఎక్కడా కనపడలేదు.

“ఇందులో మిగతా వాట్లు లైట్లలో ఉన్నాయాండి?” అని అడిగాను.

తమ్ముడు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. షాపాయన నొచ్చుకోలేదు. నన్నొకసారి ఎగాదిగా చూసి, “అట్లా చెప్పండి మేడమ్, మీకు గట్టిది కావాలి” అని, నిచ్చెన వేసి పై అరలోంచి ఇంకొక పెట్టె దింపాడు. దుమ్ము పట్టి ఉంది. “ఇది లైట్లుండవండి. అందుకని ఎవరూ అడగరు. నా సొంత మిషన్‌లో మాత్రం ఇదేనండి.”

అది చేతికి తీసుకోగానే మణికట్టు కిందికి వంగింది. పట్టిక చూశాను, గడిలో అంకె పైన రాసిన దానికి దాదాపు సరిపోయింది. ఫోన్‌లో మోడల్ కొట్టి ముద్ర నిజమో కాదో చూశాను. నిజమే. వారంటీ చూశాను, ఇప్పుడు ఎల్‌కేజీలో ఉన్న మా తమ్ముడి కూతురు హైస్కూలుకు వచ్చేదాకా ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా వైరు ఉందా అని అడిగాను, విప్పి చూపించాడు. పాత పెట్టె వైర్లు దీనికి గుచ్చకూడదనీ, దీనితో వచ్చినవే వాడాలనీ ఆయనే గుర్తు చేశాడు. ధర మాత్రం చురుక్కుమంది. బేరం ఆడానన్న పేరే మిగిలింది. తమ్ముడు చెవిలో, “అక్కా, దీని కన్న తక్కువల లైట్లది వస్తుండె” అని గొణిగాడు. వాడి వంక ఒక్క చూపు చూశాను. వాడు పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు.

ఆదివారం పొద్దున టిఫిన్లు అయ్యాక హాల్లో పాత దుప్పటి పరిచి సీపీయూను దాని మీద పడుకోబెట్టాం. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆపరేషన్ చూడటానికి కూర్చున్నట్టు కూర్చుంది. తమ్ముడు అద్దం విప్పాడు. వైర్లు ఒక్కొక్కటే పీకి, వెనక స్క్రూలు తీసి, పాత ఎస్‌ఎంపీఎస్‌ను బయటికి లాగాడు. నేను కొత్తదాన్ని విప్పుతున్నాను.

“అక్కా, గీ చప్పుడేంది?” అన్నాడు.

పాత పెట్టెను చేతిలో ఊపుతున్నాడు. లోపల గలగలమంటోంది. స్క్రూ ఊడిందేమో అనుకుని, “దాన్ని విప్పకు, ప్లగ్గు తీసినా లోపల కరెంటు దాచుకుని ఉంటుందట” అన్నాను. వాడు విప్పలేదు. బోర్లించి, ఫ్యాను వైపు కిందికి పెట్టి రెండుసార్లు తట్టాడు.

దుప్పటి మీద అక్షింతలు రాలాయి.

ముందు రెండు మూడు. తట్టిన కొద్దీ ఇంకా. కొన్ని పచ్చగా, కొన్ని వేగిపోయి గోధుమరంగులో. ఫ్యాను రెక్కల మధ్య నెయ్యికి అతుక్కుని కొన్ని కదలకుండా ఉండిపోయి, ఫ్యానును తిరగనివ్వడం లేదు. ముగ్గురం వాటినే చూస్తున్నాం. కేబినెట్ పైకప్పుకు గాలి పోయే పెద్ద పెద్ద రంధ్రాలున్నాయి. వాటి మీద జల్లెడలాంటిది ఉంటే, గాలి బాగా ఆడాలని తమ్ముడే తీసేశాడట. నేల దుమ్ము పీల్చకుండా ఉండాలని, అడుగున ఉండే ఎస్‌ఎంపీఎస్ ఫ్యానును పైకి చూసేలా బిగించాడట. పైన పడ్డ గింజ సూటిగా వచ్చి దాని నోట్లో పడేలా ఇంత చక్కటి ఏర్పాటు కావాలని చేసినా కుదరదు.

తమ్ముడే ముందు తేరుకున్నాడు. “అమ్మా! దీనికి తలంబ్రాలు పోసినవా ఏంది?” అని దుప్పటి మీద దొర్లి దొర్లి నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. ఎన్ని రోజుల బెంగ అది! దెయ్యం పట్టిందేమో అన్నంత భయపడి, మీద పడే కప్పు కోసం ఎదురుచూసినట్టు బతికి, చివరికి దాని కారణం గుప్పెడు బియ్యమని తెలిస్తే ఎలా ఉంటుంది? ఒళ్ళంతా తేలికైపోయింది. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను.

అమ్మ నవ్వలేదు. చూస్తే ముఖం ఇంతయిపోయింది.

“నేనే జేసిన్నా? నీ నౌకరి సల్లగుండాలెనని ఏస్తి బిడ్డా. నీ నౌకరి మీదికే తెచ్చిన్నా?”

“ఏం కాలేదమ్మా. పెట్టె మార్చేస్తున్నాం కదా. ఎలాగూ ఇది చవక రకం, ఇవాళ కాకపోతే రేపు పోయేదే.”

“గ్యాస్ పొయ్యికి ఏస్తే ఏం గాలే. బియ్యం డబ్బకు ఏస్తే ఏం గాలే.”

“వాటి లోపట ఫ్యాన్లు లెవ్వు గదనే!” అని తమ్ముడు మళ్ళీ పడి పడి నవ్వాడు.

“అసలు దీని మీద ఎందుకు వేశావమ్మా?” అని అడిగాను. కోపంగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగాను. ఊళ్ళో ఉన్నప్పుడు కూడా ఏ మిషన్ మీదా ఆవిడ గుప్పెడు వేయగా చూడలేదు.

అమ్మ చీర కొంగుతో వాకర్ పిడిని తుడుస్తూ చెప్పింది. “నీ నెత్తి మీద ఎయ్యద్దంటివి గద. నీకు తీసిన గింజలు మళ్ళ గిన్నెల ఎట్ల పోస్త? నీ పక్కకు ఏం ఉంటే దాని మీద ఏసిన.”

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. నేను కొత్త పెట్టె వైర్లు విప్పుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

కొత్తదాన్ని ఫ్యాను కిందికి చూసేలా బిగించాం. దాని కింద దుమ్ము ఆపే జాలీ ఉంది, పీటకు కాళ్ళున్నాయి కాబట్టి గాలికి లోటు లేదు. పైకప్పుకు జల్లెడ మళ్ళీ పెట్టించాను. లోపల మూలమూలల్లో దాక్కున్న గింజల్ని తమ్ముడు మెత్తటి బ్రష్షుతో ఊడ్చాడు. మీట మీద వేలు పెట్టాను. బోర్డు పోయి ఉంటే? డిస్కు పోయి ఉంటే? తెల్ల లైటు వెలిగింది. తెరమీద నా గోదాము, స్తంభాలతో సహా, వదిలిపెట్టిన చోటే నిలబడి ఉంది. కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆ సాయంత్రం దాకా బొమ్మను తిప్పుతూనే ఉన్నాను. వెనక చెయ్యి పెడితే గోరువెచ్చటి గాలి, అంతే.

సోమవారం రివ్యూలో క్లయింటు పెద్దాయన ఆ మూల చూపించమన్నాడు, ఈ మూల చూపించమన్నాడు. బోల్టు బోల్టుకూ తిప్పించాడు. ఇదివరకైతే గుండె చేత్తో పట్టుకుని తిప్పేదాన్ని. ఇప్పుడు ఇంకేమైనా చూస్తారా అని నేనే అడిగాను. అందరూ వెళ్ళాక మా టీమ్ లీడు ఒక్కడే లైన్లో ఉండిపోయి, “హమ్మయ్య అండి” అన్నాడు. “ఇక ఇంటి నుంచే కానివ్వండి. నేను పైకి చెప్పేస్తాను.” హెడ్‌ఫోన్లు తీసి హాల్లోకి పరిగెత్తి అమ్మకు చెప్పాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దేవుడి గది వైపు దండం పెట్టుకుంది. తమ్ముడి ఇంటికి వెళ్ళే మాట మళ్ళీ ఎత్తలేదు. ప్రెసిడెంట్ గారింటికి కూడా వెళ్ళి జనరేటర్ తప్పేం లేదని చెప్పి వచ్చాను. ఆయన కాఫీ ఇప్పించాడు.

ఆ శుక్రవారం నేను కాల్‌లో ఉన్నాను. దీపం వాసన వచ్చింది. తరవాత వాకర్ చప్పుడు, గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. లోపలికి రాలేదు. ఎంతసేపటికీ రాకపోతే తిరిగి చూశాను. గిన్నె చేత్తో పట్టుకుని, నన్నూ, సీపీయూనూ మార్చి మార్చి చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ మనిషిలా ఉంది.

హెడ్‌ఫోన్లు తీసి మెడకు వేసుకున్నాను. కుర్చీని ఆవిడ వైపు తిప్పాను.

“రామ్మా. వెయ్యి.”

“కెమెరా ఉన్నది గద బిడ్డా.”

“ఉండనీ.”

తల వంచాను. అమ్మ నెమ్మదిగా వచ్చి, వాకర్‌ను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వేసింది. గింజలు నెత్తి మీంచి మెడ మీదికి, అక్కణ్ణుంచి వీపులోకి జారాయి. చల్లగా, కాస్త జిడ్డుగా తగిలాయి. తెరమీద నలుగురైదుగురు మా టీమ్ వాళ్ళు మాట్లాడటం ఆపి చూస్తున్నారు.

అమ్మ వెళ్ళబోతూ సీపీయూ దగ్గర ఆగింది. అలవాటు చొప్పున చెయ్యి గిన్నెలోకి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“నీకు లెవ్వు పో” అన్నది దానితో. ఆ వేళ్ళ మధ్య ఉన్న రెండు గింజలూ తెచ్చి నా నెత్తినే వేసింది.